జర్మన్ కడ్డీ

పోయిన వారం మా తమ్ముడి పాత రేసు బండి ఇంజను హెడ్డు పట్టుకుని నిజామాబాద్‌లో ఒక ఆర్గాన్ వెల్డింగ్ షాపుకు వెళ్లాం. వెళ్లాం అంటే, వాడికి మోకాళ్ల నొప్పులు, నాకు చూపు తక్కువ, ఇద్దరం కలిస్తే ఒక మనిషి లెక్క. హెడ్డుకు గాలి తగలడం కోసం ఉండే రెక్కల్లో ఒకటి విరిగింది. షాపాయన దాన్ని పది నిమిషాల్లో అతికించి, హెడ్డు బోర్లించి లోపలి గుంటలోకి తొంగిచూసి, ఇక్కడెవరో ఎన్నో ఏళ్ల కిందట గ్యాస్ మంటతో అల్యూమినియం నింపారు, ఇంతవరకు వెంట్రుకంత చీలిక లేదు, నింపడానికి ఏ దేశం కడ్డీ కరిగించారమ్మా అని అడిగాడు. తమ్ముడు నా వైపు చూసి కిసుక్కున నవ్వాడు. ఇంత వయసొచ్చినా వాడికి ఆ నవ్వు పోలేదు.

ఆ రోజుల్లో నేను నిజామాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్ని. బోధన్ నుంచి రోజూ బస్సులో రాకపోకలు. చెరుకు సీజనులో ఫ్యాక్టరీకి పోయే బండ్ల వెనక మా బస్సు నత్తనడక నడిచేది, పోకిరీ పిల్లలు బండ్ల మీంచి గడలు లాగుతుంటే డ్రైవరు కూడా కిటికీలోంచి చెయ్యి చాపి ఒకటి అందుకునేవాడు. ఆలస్యమైందని ఆఫీసులో చీవాట్లు తినడం నా వంతు. బాపు పోయేనాటికి తమ్ముడు ఇంకా బడికి పోతున్నాడు కాబట్టి వాడి మంచీచెడూ నా నెత్తినే పడ్డాయి. పెద్దయ్యాక వాడు మోటారు సైకిళ్ల రిపేరు నేర్చుకున్నాడని అవ్వ, అంటే మా అమ్మ, మురిసిపోయేది. రెండు సైలెన్సర్ల పాత బండి ఒకటి కొని, తిన్నని రోడ్డు మీద ఎవరు ముందు చివరికి చేరితే వాళ్లు గెలిచే పందేలకు పోతున్నాడన్న సంగతి నాకొక్కదానికే తెలుసు. అవ్వకు చెప్పలేదు. కనుక వాడికి దెబ్బ తగిలితే ఆ పాపం నాది.

అందులో వాడికొక కొత్త పిచ్చి పుట్టింది. హెడ్డు లోపలి గుంటను అల్యూమినియంతో నింపి, మళ్లీ చిన్నగా తొలిపిస్తే పెట్రోలు ఆవిరి గట్టిగా నలిగి బండి ఎగిరి దూకుతుందట. బోధన్‌లో మా ఇంటి వెనక వెల్డింగ్ షెడ్డు నడిపే చాచా ఆ పని చేయగలడు. మాకు చుట్టం కాదు, అయినా చుట్టాలెవరూ ఆయనంత కాదు. పని ఒప్పుకుంటూనే, పెట్టిన లోహం పట్టుకోక ముక్క ఊడిపడితే ఇంజను బిగుసుకుంటుందనీ, వెనక చక్రం ఆగిపోయి మనిషి గాలిలోకి లేస్తాడనీ మా ఇద్దరికీ తెలిసేలా చెప్పాడు. చివరికి నాతో, నిజామాబాద్ దుకాణంల చెప్పి పెట్టిన బేటీ, జర్మన్ కడ్డీ తీస్కరా అన్నాడు.

ఇక్కడే నా తెలివి తెల్లారింది. బోధన్ అంగడిలో సగం మరాఠీ మాటలే. అల్యూమినియం గిన్నెను మేం సిల్వర్ గిన్నె అంటే, మరాఠీవాళ్లు జర్మన్ గిన్నె అంటారు. అంటే జర్మన్ అంటే మా ఊళ్లో అల్యూమినియం, ఇందులో అడగడానికేముంది? వేరే ఊరి మనిషైతే ఏ దేశం సరుకని వెతికేదేమో. నేను మాత్రం చాచా చెప్పి పెట్టింది ఏ దుకాణమో కూడా అడక్కుండా, నిజామాబాద్‌లో నేరుగా గిన్నెల దుకాణానికి వెళ్లి, గిన్నెలకు చెవులు చేసే లావు తీగ ఒక చుట్ట తెచ్చి చాచా చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, అచ్ఛా అని ఊరుకున్నాడు.

ఆదివారం నాడు పని చూశాను. అల్యూమినియం ఇనుములాగా ఎర్రబడి హెచ్చరించదు, తెల్లగా ఉన్నదున్నట్టే ఉండి ఒక్కసారిగా జారిపోతుంది. అందుకని చాచా బట్టల సబ్బుతో హెడ్డు మీద గీత గీసి, కింద మంట పెట్టి, ఆ గీత నల్లబడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నల్లబడగానే తెల్లటి కడ్డీ కరిగి గుంటలోకి దిగుతుంటే, అది నేను తెచ్చిందే కదా అని నాకు ఎక్కడలేని గర్వం. తర్వాత వేడినీళ్లతో రుద్ది రుద్ది కడిగి లేతు మిషను మీద తొలిచాడు.

పందెం నాడు నేను డ్యూటీకి పోయాను. మధ్యాహ్నం టీకి బయటికొస్తే, మా ఆఫీసు పక్క వెల్డింగ్ సామాన్ల దుకాణాయన కేకేశాడు.

"అక్కా, మీ చాచా చెప్పిన జర్మన్ కడ్డీలు వచ్చి వారమాయె. ఎన్నడు తీస్కపోతరు?"

ఆయన చూపించిన పెట్టె మీద జర్మనీ దేశం పేరు అచ్చేసి ఉంది. గిన్నెల తీగ గురించి అడిగాను, తడబడుతూనే.

"గిన్నెల తీగ ఇంజన్ల వెడ్తరా అక్కా? గంత వేడికి గది ఆగుతదా?"

టీ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు రాదు. ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా ఆర్మూరు బస్సెక్కాను. పందెం జక్రాన్‌పల్లి దగ్గర, ఇంకా బస్సులు తిరగని కొత్త రోడ్డు మీద. బస్సు ప్రతి చేతికీ ఆగుతోంది, ఎక్కిన ప్రతివాడూ పసుపు ధర మాట్లాడుతున్నాడు, నా కళ్లకు మాత్రం మా అవ్వ ముఖం తప్ప ఏదీ కనబడటం లేదు. దిగి, చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తాను.

తమ్ముడు కంకర కుప్ప మీద కూర్చుని ఉడికిన పల్లీలు తింటున్నాడు. బండి మూడుసార్లు పరుగెత్తి పక్కనే చల్లారుతోంది. నేను పోయి వాడి వీపు మీద ఒక్కటిచ్చి, అదే కుప్ప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

"గిట్ల ఉరికొచ్చినవేందక్కా, ఇల్లు గిన కాలిందా?" అన్నాడు వాడు.

షెడ్డు మూసి వచ్చి రోడ్డు చివర నిలబడ్డ చాచా నన్ను చూసి మా దగ్గరికొచ్చాడు. సంగతి చెప్పగానే తల గోక్కున్నాడు.

"గది గిన్నెల తీగని చేతుల వట్టంగనే ఎరుకైంది బేటీ. ఇంజన్ వేడికి ఆగేటి పాత పిస్టన్లు కరగవోసి కడ్డీలు జేసిన. చెప్తే నువ్వు చిన్నబోతవని చెప్పలే."

ప్రాణం లేచొచ్చింది. అంత తేలికైన ఊపిరి మళ్లీ ఎప్పుడూ పీల్చలేదంటే నమ్మండి. నేను తెచ్చిన తీగతో ఆయన ఇంటావిడ చాచీ అప్పటికే తన గిన్నెలన్నింటికీ చెవులు వేయించుకుందట, తమ్ముడికి కూడా తెలుసట, నాకొక్కదానికే తెలియదు. ఆయన మొహమాటం నన్ను ఒక పూట చంపి బతికించింది. కానీ ఆదివారం నాడే అందరి ముందూ చెప్పి ఉంటే, ఆ షెడ్డు గడప మళ్లీ తొక్కేదాన్ని కాదు, నా సంగతి నాకు తెలుసు.

ఇప్పుడు కడ్డీల పెట్టెల మీద నంబర్లుంటాయి, మాట పొరపాటుకు చోటు లేదు, మంచిదే. తమ్ముడు పందేలు మానేసి బండిని తుడిచి నలుగురికీ చూపించుకుంటున్నాడు, అది ఇంకా మంచిది. ఎక్స్ఛేంజీలో మనుషుల పని ఎప్పుడో పోయింది. ఈమధ్య ఫోనులో ఒక అక్షరం తప్పు కొడితే చాలు, కింద ఎర్రగీత పడుతుంది, ఇంట్లోవాళ్లు కూడా దాని దగ్గరే పాఠం నేర్చుకున్నట్టున్నారు. నా తప్పులన్నీ నాకు వెంటనే తెలిసిపోతున్నాయి. చాచా పోయి చాలా ఏళ్లయింది. ఆయన నాకు తెలియకుండా సరిదిద్దినవి ఇంకెన్ని ఉన్నాయో, అడుగుదామంటే మనిషి లేడు.