ఫ్యాను మోగక ముందే

రూతు నంద్యాలలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. ఆమె తల్లి హన్నమ్మ ఆళ్లగడ్డ పత్తి మిల్లులో పనిచేస్తూ యంత్రాల మోతకు చెవులు పోగొట్టుకుంది. పక్కన నిలబడి గట్టిగా పిలిచినా పలకదు. అయినా ఆ మిల్లుకే పోతుండేది.

2007లో మిల్లు యజమాని శేషయ్య, గొట్టాల గుండా పత్తిని లాగే పెద్ద ఫ్యాను తెప్పిస్తున్నాడని రూతుకు తెలిసింది. దాని కొలతలు అడిగి తెచ్చుకుంది. కాలేజీ కంప్యూటర్లో ఫ్యానునూ షెడ్డునూ గీసి వేల ముక్కలుగా విడగొట్టింది. ఒక్కో ముక్కలో గాలి ఎంత ఒత్తుకుంటుందో, ఆ ఒత్తిడి శబ్దమై ఎంత దూరం పాకుతుందో లెక్క కట్టించింది. శబ్దం ఎక్కువైన చోటల్లా తెర మీద ఎర్రగా కనబడుతుంది. ఆడవాళ్లు పత్తి ఏరే చోటు నిప్పులా ఎర్రబడింది.

శేషయ్య ఆ బొమ్మ చూసి నవ్వాడు.

"ఫ్యానే రాలేదు. శబ్దం యాడ్నించి వచ్చెమ్మా?"

"వచ్చినాక చేసేదేముందన్నా? మా అమ్మను చూస్తానే ఉండావు గదా."

అతని నవ్వు ఆగిపోయింది. "ఏం మార్చాల?"

"రెక్కలకూ వాటి చుట్టూ ఉండే డబ్బా అంచుకూ మధ్య సందు పెంచాల. గాలి ఆ అంచుకు కొట్టుకునే మోత తగ్గుతాది."

"పత్తి లాగకపోతే మాత్రం మళ్లా నా మిల్లు గడప తొక్కొద్దు."

సందు పెంచి ఫ్యాను బిగించారు. మోటారు వేగం అందుకుంది. పత్తి బాగానే లాగుతోంది. రూతు ఊపిరి పీల్చుకునే లోపే గొట్టంలోంచి ఊళ లేచింది. ఆడవాళ్లు చెవులు మూసుకుని బయటికి పరుగెత్తారు. హన్నమ్మ ఒక్కతే వంగి పత్తి ఏరుతూ ఉండిపోయింది.

రూతు ఉరికి తల్లిని లాగింది.

"ఏందే? ఏమాయ?" అంది హన్నమ్మ బిత్తరపోయి.

"ఆపండ్రా!" అని అరిచాడు శేషయ్య. "ఇదేనామ్మా నీ లెక్క?"

రూతు గొట్టం దగ్గరికి నడిచింది. ఫ్యాను పూర్తిగా ఆగకముందే దాని మీద అరచెయ్యి ఆనించింది. రేకు అదురుతోంది.

"తప్పు నాదేనన్నా. ఈ రేకు కదలదనుకొని లెక్క కట్టినా. ఇది తప్పెట మాదిరి మోగుతాంది. ఇంకొక్కసారి చూస్తా."

"బయట పత్తి లారీలు నిలబడినాయి."

"తెలుసన్నా."

శేషయ్య లారీల వైపు ఒకసారి చూశాడు. "తొందరగా చెయ్యి," అన్నాడు చివరికి.

ఈసారి రేకు అదురును కూడా లెక్కలో చేర్చింది. రెక్కలు గాలిని కొట్టే వేగమూ, రేకు అదిరే వేగమూ ఒక్కటే కావడంతో ఊళ పుట్టిందని తేలింది. అదురు ఎక్కువగా ఉన్న చోట్ల ఇనుప పట్టీలు వెల్డింగ్ చేయించింది.

రెండోసారి స్విచ్ వేసినప్పుడు షెడ్డులోకి ఎవరూ అడుగు పెట్టలేదు. రూతు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని వాకిట్లో నిలబడింది. వేగం పెరుగుతోంది. ముందు ఊళ మొదలైన వేగం వచ్చింది. దాటిపోయింది. బరువైన రొద తప్ప మరేమీ లేదు.

కూలీల్లో మల్లీశ్వరి ముందుగా లోపలికి నడిచి, అటు చివరనుంచి కేక వేసింది.

"మేడమ్, నా మాట ఇనబడతాందా?"

"ఇనబడతాంది!" అంది రూతు.

హన్నమ్మ అందరి మొహాలూ చూసింది. "ఏమంటాండారే?" అని అడిగింది. రూతు తల్లిని కరుచుకుంది.

హన్నమ్మకు చెవులు తిరిగి రాలేదు. తర్వాత శిరివెళ్ల వైపు మిల్లులవాళ్లు కూడా రూతును పిలిచేవారు. లెక్క ఎంత బాగా కుదిరినా, మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు మాత్రం ఆమె లోపల ఒక్కరినీ ఉండనిచ్చేది కాదు.