ఎనభై ఆరో నిమిషం

ఆ అమ్మాయి మైదానంలోకి దిగుతుందని మేమెవరం అనుకోలేదు. ఆసియా బాలికల ఫుట్‌బాల్ పోటీలకు అర్హత మ్యాచ్‌లు జరుగుతున్నాయి. మన దేశపు జట్టు మధ్య ఆసియాలో ఒక దేశానికి వెళ్లింది. మా బడిలో చదివిన అమ్మాయి ఆ జట్టులో రెండో గోల్‌కీపరు. అంటే బెంచీ మీద కూర్చుని, ఆడేవాళ్లకు నీళ్ల సీసాలు అందించే మనిషి. మొదటి రెండు మ్యాచ్‌లు అలాగే గడిచాయి. మూడోది చివరిది. అది డ్రా అయితే చాలు, గ్రూపులో మొదటి స్థానం మనదే, అసలు పోటీలకు వెళ్లొచ్చు.

నేను కోడుమూరు దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. చిన్నప్పుడు నేను ఆడింది ఖోఖో. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా శిక్షణ రోజుల్లో నేర్పిన నియమాలు, ఫోన్లో చూసిన వీడియోలు. ఆ అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా, కింద పడడానికి భయపడడం లేదని గమనించి గోలు ముందు నిలబెట్టాను. మా బడి ఆవరణ నిండా గులకరాళ్లు. అందుకని ఉల్లి పీకేసిన చేలల్లోకి తీసుకెళ్లి దూకడం నేర్పించాను. మన్ను మెత్తగా ఉండేది. జిల్లా జట్టు, తర్వాత క్రీడా పాఠశాల హాస్టలు, తర్వాత రాష్ట్ర జట్టు. అక్కణ్ణించి నా చేయి దాటిపోయింది.

మ్యాచ్ మధ్యాహ్నం మూడింటికి. అమ్మాయి వాళ్ల పల్లె చర్చిలో పాటల అక్షరాలు చూపించడానికి ఒక తెర ఉంది. పాస్టరుగారు దాని మీద ఇంటర్నెట్‌లో వచ్చే మ్యాచ్ వేస్తానన్నారు. కూలికి పోయినవాళ్లు కూడా త్వరగా వచ్చేశారు. అమ్మాయి తల్లి చేలోంచి నేరుగా వచ్చి ముందు చాప మీద, నా పక్కన కూర్చుంది. చీరకు ఎర్రటి ఉల్లిపొట్టు అంటుకుని ఉంది. కూతురు ఆడగా ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఆటలన్నీ వేరే ఊళ్లలో, పని రోజుల్లో జరిగేవి.

ముప్పై ఎనిమిదో నిమిషంలో మన మొదటి గోల్‌కీపరు, ఎదుటి జట్టు అమ్మాయి ఒకే బంతికి ఎగిరి గుద్దుకున్నారు. మన పిల్ల లేవలేదు. స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. బెంచీ వైపు నుంచి పెద్ద గ్లవ్స్ వేసుకుంటూ ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"అది మా పాపేనా?" అంది తల్లి, నన్ను చూడకుండానే.

"అవునమ్మా."

చర్చిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఐదు నిమిషాలు గడవకముందే ఎదుటివాళ్లు దగ్గర నుంచి బలంగా తన్నిన బంతి మా అమ్మాయి ఛాతీకి తగిలి పైకి లేచింది. రెండోది దవడ మీద. కింద పడి, ముక్కు తుడుచుకుని లేచింది. తల్లి నా మణికట్టు పట్టుకుంది.

"మేడం, దాన్నెందుకు కొడ్తాండారు?"

"కొట్టడం కాదమ్మా. బంతిని ఆపుతోంది."

"రోజూ ఇట్లే కొట్టించుకుంటాదా?"

నేను తెర వైపే చూశాను.

"నిలబడుకునే పని అంటిరి కదా మేడం. ఉరికేది ఉండదంటిరి."

అన్నాను. నాలుగేళ్ల కిందట అనుమతి అడగడానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు, గోల్‌కీపరంటే ఒకచోట నిలబడే పనేనని నేనే చెప్పాను. ఇన్నేళ్లూ ఆమె మనసులో కూతురు రెండు కట్టెల మధ్య ఊరికే నిలబడి ఉంది. ఇప్పుడు ఆ తెర మీద కూతురు దెబ్బలు తింటుంటే ఆమె ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

రెండో సగంలో స్కోరు ఒకటి ఒకటి. మా అమ్మాయి మరో మూడు బంతులు ఆపింది. ఒకటైతే వేలి కొసలతో తట్టి పైకి పంపింది. వెనక కుర్రాళ్లు అరవడం మొదలుపెట్టారు. పాస్టరుగారు కూడా లేచి నిలబడ్డారు.

ఎనభై ఆరో నిమిషంలో మైదానం మధ్య నుంచి ఎవరో గురి లేకుండా ఒక బంతి తన్నారు. అది దొర్లుకుంటూ వస్తోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. మా బడిలో ఆరో తరగతి పిల్ల కూడా పట్టే బంతి. ఆమె వంగింది. గ్లవ్స్ చాచింది. బంతి వాటిని రాసుకుంటూ కాళ్ల మధ్య నుంచి వెనక్కి పోయింది. ఆమె తిరిగి దాని మీదికి దూకేసరికి గీత దాటేసింది.

అంత నెమ్మదైన గోలు నేనెప్పుడూ చూడలేదు. చాలామందికి అసలు అర్థమే కాలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ తండ్రి పక్కవాణ్ణి అడిగాడు.

"ఏమప్పా, ఏమాయ?"

"గోలు."

"ఎవురికి?"

పక్కవాడు తల దించుకున్నాడు.

మ్యాచ్ అయిపోయింది. మనం ఓడిపోయాం, అసలు పోటీలకు దారి మూసుకుపోయింది. పాస్టరుగారు రిమోటు చేతిలో పట్టుకుని కదలకుండా ఉండిపోయారు. తెర మీద ఆట ఆగిపోయినా, పక్కన జనం రాసే వ్యాఖ్యలు మాత్రం పైకి జరుగుతూనే ఉన్నాయి. హిందీలో, ఇంగ్లీషులో, మధ్యమధ్య తెలుగులో. నేను చదివాను. పదహారేళ్ల పిల్లను, ఆమె రంగును, ఆమె పుట్టుకను, వాళ్లమ్మను తిడుతున్నారు. ఆ అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. ఆమెకు చదువు రాదు.

"ఏమి రాసినారు మేడం?"

"బాగా ఆడిందని రాశారమ్మా" అన్నాను.

కానీ తండ్రి ఐదో తరగతి వరకు చదివాడు. అతను గోడ దగ్గర నుంచి ముందుకొచ్చి, తెలుగులో ఉన్న ఒక వరుసను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. చదువుతున్నప్పుడు అర్థం తెలియలేదు, పూర్తయ్యాక తెలిసింది. ఆ పిల్లను చేలో పనికి పంపండి, దానికి అదే సరిపోతుంది అని ఉంది.

అతను జనం వైపు తిరిగాడు.

"చేని పనికేమొచ్చింది?" అన్నాడు. "అదీ అందరికీ రాదు."

పాస్టరుగారు అప్పుడు తెర ఆపేశారు.

అమ్మాయి ఇంటికి వచ్చిందని తెలిసి రెండు వారాల తర్వాత వెళ్లాను. దవడ మీద మచ్చ పచ్చబడి ఉంది. తల్లి మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది. ఏమని మొదలుపెట్టాలో తెలియక, ఆ బంతి ఎక్కడ తప్పిందని అడిగేశాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. అమ్మాయి మాత్రం లెక్కలో తప్పు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"పట్టుకోకముందే పైకి చూసినా మేడం. ఎవురికి ఇసరాలా అని."

ఆ మాట నాది. బంతి చేతికి రాకముందే ఎవరికి విసరాలో చూసుకో, అప్పుడే త్వరగా ఆడగలవు అని ఎనిమిదో తరగతి పిల్లకు నేనే చెప్పాను. ఏదో వీడియోలో చూసి, సగం అర్థం చేసుకుని, రోజూ సాయంత్రం చేలో నిలబడి అరిచి మరీ చెప్పాను.

"క్యాంపులో సార్ శానాసార్లు చెప్పినాడు. మాన్పించినాడు కూడా" అంది. "భయమైతే పాతదే వస్తాది మేడం."

"అది నేను నేర్పిందే కదా" అన్నాను.

"అవును మేడం" అంది. "దూకేది కూడా మీరే నేర్పినారు" అంది.

ఆమె ఓదార్చడానికి అన్నదో, ఉన్నమాట చెప్పిందో ఈనాటికీ తెలియదు. ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ, ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లలకు ఎన్ని తప్పులు అంత నమ్మకంగా చెప్పానో లెక్కపెట్టుకున్నాను. ఆ వేసవిలో కడపలో గోల్‌కీపింగ్ శిక్షకులకు పదిరోజుల తరగతులు పెడితే పేరిచ్చాను. నలభై ఏడేళ్ల వయసులో, నా వయసులో సగం కూడా లేనివాళ్ల మధ్య, మోకాళ్లకు పట్టీలు కట్టుకుని దూకాను. బంతి గుండెలకు చేరేదాకా కన్ను తిప్పొద్దని మొదటి రోజే చెప్పారు.

అమ్మాయిని తర్వాతి జాతీయ క్యాంపుకు పిలవలేదు. ఏడాదికి పైగా ఎవరూ అడగలేదు. ఆమె కర్నూలులో డిగ్రీలో చేరి, కాలేజీ జట్టుకు ఆడడం మొదలుపెట్టింది. మొన్న కడపలో కాలేజీల పోటీలుంటే తల్లి నాతో వస్తానంది. నంద్యాల, మైదుకూరు మీదుగా బస్సులో పోయాం. గోలు వెనక సిమెంటు మెట్ల మీద కూర్చున్నాం. తొంభై నిమిషాలూ ఆమె కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది. మ్యాచ్ సున్నా సున్నాతో ముగిసింది. పిల్లలు చేతులు కలుపుకుంటున్నారు.

"ఎవురు గెల్చినారు మేడం?"

"ఎవరూ గెలవలేదమ్మా. సమానం."

ఆమె నా వైపు తిరిగి నమ్మలేనట్టు చూసింది.

"అంతసేపు దెబ్బలు తిని గూడానా?" అంది.