జంట తుమ్ము

ఆ కాలంలో తుమ్ముకు ఉన్న పలుకుబడి ఇప్పటి ప్లీడర్లకు కూడా లేదు. ఒంటి తుమ్ము పడితే కదలబోయిన బండి ఆగేది, కుదరబోయిన సంబంధం తప్పేది. వెంటనే రెండోది పడి జంటైతే మాత్రం శుభం. టెక్కలి బజారులో, మా నాన్న కొట్లో, మిరపకాయల బస్తాల మీద పొర్లి పెరిగిన నాకు ఈ శాస్త్రంతో పని పడలేదు. పాతికేళ్ళు వచ్చేదాకా నా ముక్కు నోరెత్తి ఎరగదు.

మా మేనమామతో కలిసి ఉద్దానంలో పిల్లను చూడడానికి వెళ్ళింది మాఘమాసంలో. తోటల మధ్య ఇల్లు. చుట్టూ మామిడీ జీడీ విరగబూసి ఉన్నాయి. పిల్ల తాత అరుగు మీద కూర్చోబెట్టి, "బజారు దుమ్ములో ఏటుంది బావూ? మా సెట్ల గాలి పీల్సు, రోగం దగ్గరికి రాదు" అన్నాడు. పీల్చాను. (బేరానికి వెళ్ళినవాడు ఎదుటివాడి సరుకుకు అప్పుడే వంక పెట్టకూడదు.) కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది. "ఏడుత్తన్నావేట్రా?" అన్నాడు మామ చెవిలో. అంతలో మజ్జిగ తెచ్చిన పిల్ల నా ముఖం చూసి, నవ్వాపుకోలేక చెంబు అక్కడే పెట్టి లోపలికి పరుగెత్తింది. ఆ నవ్వుకే నేను బేరం లేకుండా అమ్ముడుపోయాను.

"కుర్రోడు నచ్చినాడు. మాటిచ్చీమంటారా?" అన్నాడు తాత. సరిగ్గా అప్పుడు తుమ్మాను.

తాత లేచి కండువా దులిపాడు. "ఒంటి తుమ్ము. మరి లాభం లేదు బావూ. భోంచేసి ఎల్లండి."

"ఇంకోటి వత్తాది తాతా, రవ్వంత సేపు ఉండండి!" అని బతిమాలాను. సూర్యుణ్ణి చూశాను. పైపంచె కొస ముక్కులో పెట్టాను. పెరట్లోకి ఉరికి మామిడిపూతలో ముఖం దూర్చాను. అంతసేపూ ఆపినా ఆగని ముక్కు అప్పుడు మొండికేసింది. తాత గడప మీద కాలు పెట్టాడు.

తలుపు వెనక నుంచి "హాచ్చి!" అని వినిపించింది.

"ఎవుల్దే అది?"

"నాదే తాతా."

"ఎవుల్దైతే ఏటి, జంటయ్యింది కదా" అన్నాడు మా మామ. తాత గడ్డం గోక్కుని, "తుమ్ములే కలిసిపోతే మనమేటి సేత్తాం!" అని మళ్ళీ కూర్చున్నాడు.

తర్వాత ఆ తోట మాకే వచ్చింది. ఆ చెట్ల కిందే ఇన్నేళ్ళ కాపురం. అలవాటైపోతుందని అందరూ అన్నారు గానీ, పూత వచ్చిందంటే నాకింకా తుమ్ములే. ఆ పూతలోనే పుట్టి పెరిగిన మా ఆవిడకు మాత్రం ఒక్కటీ రాదు. అయినా నేను పని మీద గుమ్మం దిగబోతూ తుమ్మితే చాలు, వంటింట్లోంచి రెండోది వినిపిస్తుంది. సరుకు నాణ్యం ఎరిగినవాణ్ణి, అసలుదేదో నకిలీదేదో నాకు తెలియదా! తెలిసీ ఇంతవరకు ఒక్కటి కూడా తిప్పి పంపలేదు.