సముద్రానికి రెండు సున్నాలు

యాభై నాలుగు నవంబరులో పుదుచ్చేరి పాలన ఫ్రెంచివాళ్ళ నుంచి భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో నేను అక్కడి రేవు పనుల కార్యాలయంలో డిజైను సహాయకురాలిగా చేరాను. యానాంలో పుట్టి, ఫ్రెంచిలో లెక్కలు చదివినదాన్ని. ఉద్యోగం తాత్కాలికం. వైతికుప్పానికి కొంచెం దక్షిణంగా పడవలు ఆగేందుకు సముద్రంలోకి ఒక చిన్న జెట్టీ కట్టాలనుకుంటున్నారు. సముద్రం అడుగులోకి దిగగొట్టే దాని కాంక్రీటు స్తంభాలు ఎంత పొడవుండాలో తేల్చడం నా పని.

నేలమీద గోడ అడుగు తక్కువైతే ఇంకో రెండు వరసలు ఇటుక పేర్చవచ్చు. సముద్రంలో స్తంభం ఇసుకలోకి తగినంత దిగకపోతే తుఫానుకు నిలవదు. వాటిని ఒడ్డున పోతపోసి, గట్టిపడ్డాక తీసుకుపోయి దించుతారు. పోసేశాక పొడవు పెంచడం మహా కష్టం.

నా లెక్క పూర్తయింది, ఇంజనీరుగారు సరేనన్నారు. సోమవారం నుంచి ఇనుము కోయాలి. శుక్రవారం సాయంత్రం మామూలుగా ఒడ్డున నడుస్తూ, కూలిపోయిన పాత జెట్టీ మొండి స్తంభాల దగ్గర ఆగాను. మా పటంలో సున్నా గీత రెండో మొండి దగ్గరగా పోతుంది. సున్నా అంటే సముద్రపు సగటు మట్టమని అందరం అనుకున్నాం. అలాగైతే పోటు సగం తీసిన ఆ వేళకు మొండి మొదట్లో తడి ఇసుక కనిపించాలి. అక్కడ మోకాలు దాటి నీళ్ళున్నాయి.

ఆ రాత్రికి నాకు సంగతి అర్థమైంది. ఓడల అడుగు నేలకు తగలకూడదని ఫ్రెంచివాళ్ళు సముద్రపు లోతులను అన్నిటికన్నా తక్కువ ఆటు మట్టం నుంచి కొలిచారు. కొత్తగా వచ్చిన సర్వేవాళ్ళు నేల ఎత్తులను సగటు మట్టం నుంచి కొలిచారు. రెండూ సరైన పద్ధతులే. పాలన మారే తొందరలో రెండింటినీ కలిపి ఒకే పటం గీశారు. మీటర్లను అడుగులు చేశారు కాని, సున్నాను సున్నాగానే ఉంచేశారు. అసలు లోతు మా పటంలో ఉన్నదానికన్నా రెండడుగులు ఎక్కువ. స్తంభాలు రెండడుగులు పొట్టి.

డ్రాయింగు విభాగానికి పెద్దాయన రెడ్డియార్‌పాళయం నుంచి సైకిలు మీద వచ్చేవారు. తరతరాలుగా ఆ ఊరి తెలుగువారు. శనివారం పొద్దున ముందు ఆయనకే చెప్పాను.

"ఏంది దొరసానీ, రెండడుగులు యాడికి పోయినాయి? చేపలు తినేసినాయా?"

"ఎక్కడికీ పోలేదు బాబాయిగారూ. మనమే లెక్కలోకి తేలేదు."

"ఇనుము కోసేవాళ్ళకి సోమారం రమ్మని చెప్పేసినాము కదమ్మా. నీ పని ఇంకా పర్మనెంటు కూడా కాలా. గమ్మునుండు."

అది ఎగతాళి కాదు, నా గురించి భయం. నన్ను ఖాయం చేసే కాగితం ఇంజనీరుగారి బల్లమీదే ఉంది. అయినా ఆయన గదిలోకి వెళ్ళాను.

ఆయన కాకినాడ వైపు మనిషి. చివరిదాకా విన్నారు. "ఇసుక కదులుతుందమ్మా. ఆ మొండి దగ్గర అలలు కోసేసి ఉండచ్చు. ఇసుకను సాక్ష్యం తేకు."

"రాయి మీద కొలుద్దాం సార్. పాత జెట్టీ చివర నీళ్ళలో రాతి దిమ్మ ఉంది. పటంలో దాని లోతు తొమ్మిదడుగులు."

ఆయన పటం దగ్గరికి లాక్కుని ఆ అంకె చూశారు. "రేపు ఆదివారమే, నేనూ వస్తాను. తొమ్మిదే వస్తే?"

"మొదటి లెక్కే ఉంచండి. నన్ను ఉంచడం మీ ఇష్టం."

పొద్దున్నే కొంగు నడుముకు బిగించి పడవెక్కాను. ఆడమనిషి వాంతి చేసుకుంటే కూలి రెట్టింపని పడవవాడు తమిళంలో హాస్యమాడాడు. వాంతి చేసుకున్నది ఇంజనీరుగారు. ఒడ్డున బాబాయిగారు కొలకర్ర మీద నీటిమట్టం చూస్తూ నిలబడ్డారు. నేను సీసపు గుండు కట్టిన తాడు దిమ్మమీదికి వదిలాను. మూడుసార్లు వేసి సగటు కడితే పదిన్నర. ఇంజనీరుగారు మూతి తుడుచుకుని, "ఏదీ, ఇటివ్వు" అని తానూ వేశారు. పదిన్నరే. ఆ వేళకు నీళ్ళు సగటు మట్టానికి అరడుగు కింద ఉన్నాయని కర్ర చెప్పింది. మొత్తం పదకొండు, పటం కన్నా రెండడుగులు ఎక్కువ.

ఆయన తాడు చుట్టి నా చేతికిచ్చారు. "కొత్త పొడవులు ఎప్పుడిస్తావు?"

"ఈ సాయంత్రానికి సార్."

స్తంభాలు కొత్త పొడవులతోనే పోశారు. మొదటిదాన్ని దిగగొట్టిన రోజు ఒడ్డున జనం మూగారు. ఎంత లోతుకు దిగాలో నేను లెక్కగట్టి, సగటు మట్టానికి రావలసిన చోట స్తంభం మీద ఎర్రరంగుతో గీత గీయించాను. దెబ్బ దెబ్బకూ గీత నీటివైపు దిగుతోంది. ఇక దిగనని స్తంభం మొరాయించేసరికి గీత సగటు మట్టం దగ్గరుంది, తల జెట్టీ ఎత్తుకు నిలిచింది. ఇంజనీరుగారు మట్టం చూసే పరికరం ముందునుంచి తప్పుకుని, "నువ్వే చూసి చెప్పు" అన్నారు.

చూశాను. "సరిపోయింది సార్" అన్నాను. ఆ అంకెను నా చేత్తోనే పుస్తకంలో రాశాను.