తాబేలు వెనక మూల

సెలవుల వీడియో ఎవరు చూపించినా నేనిప్పుడు ముందు మూలలే చూస్తాను. ఆ అలవాటు ఒక దౌర్భాగ్యుడి వల్ల వచ్చింది.

అతను లింగంపల్లిలో మా ఆఫీసు బస్సెక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మా ఆఫీసులోనే పనిచేసే అతని భార్య అవతలి వరసలో కిటికీ దగ్గర కూర్చుంది. ఇద్దరూ కరీబియన్ దీవుల్లో స్కూబా డైవింగ్ చేసి వచ్చారట. నేను అడగలేదు.

“డైవింగ్ చేయించే చిన్న షాపన్నా. మొగుడు పెండ్లాలను జోడీ కట్టి నీళ్లల్ల దించుతరు. ఒకరి చెయ్యి ఒకరికి అందేంత దూరంలనే ఉండాలె, గదే రూలు,” అంటూ, ఆ రూలు తానే కనిపెట్టినట్టు ఛాతీ విరిచి, నీళ్లలో తాను తీసిన వీడియో పెట్టి ఫోను నా ముక్కు కింద పెట్టాడు.

తెర మధ్యలో తాబేలు. దాని వెనక ఒక మూలన ఎవరో గిలగిల కొట్టుకుంటున్నారు. ఇంకెవరో వచ్చి పట్టుకుని పైకి తీసుకుపోయారు.

“ఆ మూల ఎవరండీ?” అన్నాను.

“ఎవరో టూరిస్టన్నా. భయపడ్డట్టున్నది. నువ్వు తాబేలును సూడు.”

ఆమె కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే అంది: “అది నేనే. నోట్లకెల్లి గాలి గొట్టం ఊడింది. షాపు నడిపే ఆమె వచ్చి పట్టుకున్నది.”

“గప్పుడే చెప్పొద్దా?” అన్నాడతను.

“చెప్పిన. నువ్వు తాబేలు ముచ్చట చెప్పుకుంట ఉన్నవ్.”

అతను ఆమె వైపు తిరుగుతాడనుకున్నాను. నాదే తెలివితక్కువ. రెండు వేళ్లతో తెర మీది బొమ్మను సాగదీశాడు. తాబేలు పెద్దదై, ఆ మూల కనపడకుండా పోయింది.

“ఇగ ఇప్పుడు సూడన్నా,” అన్నాడు.