తడిలో ఒక్కతీరే

ఇల్లందు బస్టాండు వెనక సందులో చీరలకు రంగులేసే సైదమ్మకు ఏడాదిగా తన కళ్ల మీద నమ్మకం పోయింది. ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లు ఆవిరిలో నిలబడ్డ మనిషి. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి, గోళ్లకు పట్టిన రంగు వదలదు. వాటితో సర్దుకుంది. కన్ను పోతే మాత్రం పని పోయినట్టే. రంగులేసే గది యజమాని నాగరాజుతో "ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తనయ్యా" అని అనేసింది కూడా.

అలాంటప్పుడు లిదియా చీరలు తెచ్చింది. తనతో చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ల కోసం పన్నెండు తెల్ల నైలాన్ చీరలు, అన్నీ నేరేడుపండు రంగులోకి రావాలి. ఒక దుకాణంలో ఏడే దొరికితే మిగతా ఐదు ఇంకో దుకాణంలో కొన్నారు. సైదమ్మ పన్నెండింటినీ ఒకే గంగాళంలో ఉడికించింది. తీసేటప్పుడు అత్త నేర్పినట్టే తడి మీద పక్కపక్కన పట్టుకుని చూసింది. "తడిలో చూడాలె పిల్లా, ఆరినంక ఎవరైనా చూస్తరు" అనేది ఆ ముసలామె. తడిలో పన్నెండూ ఒక్కటే.

ఆరాక ఏడు నేరేడుపళ్లే. ఐదు మాత్రం తళతళా మెరుస్తూ, పాలు కలిపినట్టు వెలవెలబోయాయి.

"ఏంది సైదమ్మక్కా, గివి గిట్లున్నయ్? ఆదివారం ఇవి కట్టుకొని నిలబడితే పాటెవరు వింటరు, చీరలే చూస్తరు" అంది లిదియా.

సైదమ్మ గంగాళం పక్కనే కూలబడింది. "నా కండ్లు పోయినయమ్మా. తడిలో నాకు ఒక్కతీరే కనవడ్డయ్."

లిదియా వెంట వచ్చిన కూతురు బ్లెస్సీ దవాఖానా ల్యాబులో పనిచేస్తుంది. ఏమనుకుందో, రెండు రకాల చీరల నుంచీ ఒక్కో పోగు లాగి కాగితంలో చుట్టుకుపోయింది. మర్నాడు డ్యూటీ దిగి నేరుగా వచ్చింది.

"పెద్దమ్మా, పోగులను అడ్డంగ కోసి మైక్రోస్కోపు కింద పెట్టిన. ఆ ఏడింటిది జొన్నదంటు లెక్క గుండ్రంగున్నది. ఈ ఐదింటిది బొమ్మజెముడు కొమ్మ లెక్క, మూడు పలకలు."

"పలకలుంటే రంగు తాగదా?"

"తాగింది. పలకలకు తగిలిన వెలుగును అద్దం లెక్క ఎగజిమ్ముతది. గందుకే లేతగ కనవడ్తది."

సైదమ్మ రెండు రకాల చీరలూ దగ్గరికి లాక్కుంది. రెండు కొంగులూ బకెట్టులో ముంచి తీసింది. మెరుపు నీళ్లలో అణిగిపోయింది.

"నీకెట్ల కనవడ్తున్నయ్?"

"ఒక్కతీరే పెద్దమ్మా."

"అవ్. ఒక్కతీరే." ఆ మాట తనకు తానే చెప్పుకుంది.

కళ్లు మంచివే. కానీ చీరలు తడిగా కట్టుకోరు కదా. ఐదింటినీ మళ్లీ పొయ్యెక్కించి ఇంకాస్త ముదురు చేయాలి, ఈసారి అత్త మాట పనికిరాదు. కాసేపు ముంచడం, కొంగు మూల ఆరబెట్టడం, లోపల ట్యూబులైటు కింద ఒకసారి, బయట ఎండలో ఒకసారి చూడటం, మళ్లీ ముంచడం. మధ్యాహ్నానికి నడుము పడిపోయింది. మూడోసారికి ట్యూబులైటు కింద మిగతా ఏడింటితో కలిశాయి. ఎండలో మాత్రం మెరుపు ఇంకా దొంగలా తొంగిచూస్తూనే ఉంది.

"ఇంతకన్నా నాతోటి కాదు లిదియా. లోపల పాడుకోండ్రి, బయట ఫొటోలు దిగకుండ్రి."

అప్పుడే నాగరాజు తల లోపలికి పెట్టాడు. "అక్కా, గది సంగతేందీ?"

సైదమ్మకు లేచే ఓపిక లేదు. కూర్చున్న చోటి నుంచే పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.

"పొయ్యి మండుతున్నది కనవడ్తలేదా? ఎందుకైనా మంచిది, నీ కండ్లు ఒకసారి చూపిచ్చుకో."