అంగారకుడికి దారి లెక్కగట్టిన బంద్ రోజు

మొన్న పక్కవాళ్ల వంటింట్లోంచి ఎండుమిరపకాయల ఘాటు కమ్ముకొచ్చి నన్ను ఉక్కిరిబిక్కిరి చేసినప్పుడు, తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో నేను ఫిజిక్స్ చెప్పిన కోచింగ్ సెంటరూ, దాని మేడమీది గదిలోకి బాష్పవాయువు చొరబడిన ఒక మధ్యాహ్నమూ కళ్లముందు నిలిచాయి.

ఆ రోజులు చూసిన మీకు వేరే చెప్పనక్కర్లేదు. పొద్దున మామూలుగా తెరుచుకున్న దుకాణాలు మధ్యాహ్నానికి టపటపా షట్టర్లు దించేసేవి. ఆవేళా అలాగే ఉన్నట్టుండి రోడ్డుమీద రాళ్లు లేచేసరికి, పిల్లల్ని కిందికి పంపే వీలులేక గదిలోనే కూర్చోబెట్టి, వాళ్ల చూపు కిటికీ మీదినుంచి మళ్లించాలని ఒక లెక్క ఇచ్చాను: భూమి నుంచి అంగారకుడికి నౌక ఎన్నాళ్లకు చేరుతుంది? అందరూ దూరాన్ని వేగంతో భాగించబోయారు. బయలుదేరిన నాడు ఉన్నచోట ఆ గ్రహం ఉండదనీ, అది రాబోయే చోటికి గురిపెట్టి, సూర్యుడి చుట్టూ కోలగా సాగే దారిలో సగం తిరిగి అందుకోవాలనీ చెప్పి, దాదాపు ఎనిమిదిన్నర నెలలని తేల్చాం.

మొదటి బెంచీలోని గుంటూరువాళ్ల అమ్మాయి మాత్రం పెన్ను కదపలేదు. ఆమెను తీసుకెళ్లడానికి ఎల్బీనగర్ నుంచి స్కూటర్ మీద బయలుదేరిన తండ్రి ఫోను ఎత్తడం లేదు.

"మా నాన్న ఇక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుంది మేడమ్?"

కిటికీలోంచి బాష్పవాయువు ఘాటు గదిలోకి చొరబడుతుంటే వెళ్లి రెక్కలు మూశాను. మాది పోచంపల్లి నేతవారి కుటుంబం. తెలంగాణ రావాలని మనసారా కోరుకున్నదాన్ని. అయినా ఆ పిల్ల కళ్లలోకి చూడలేకపోయాను.

అప్పుడు చివరి బెంచీ నుంచి నల్లగొండ అమ్మాయి లేచింది. ఒకప్పుడు ఒకే డబ్బాలో అన్నం తిన్న ఆ ఇద్దరూ ఉద్యమం మొదలయ్యాక ఎడమొహం పెడమొహంగా ఉంటున్నారు. "ఏడ్వకు. మా అన్న గా చౌరస్తల్నే ఉన్నడు. మీ నాయిన బండి నంబర్ జెప్పు," అంటూ ఫోన్ చేసింది. అవతల నినాదాల హోరు. నంబర్ అరిచి చెబుతుండగానే లైను తెగింది. మళ్లీ కలవలేదు. అన్నకు వినిపించిందో లేదో తెలియక గదంతా బిగుసుకుపోయింది.

చాలాసేపటికి మెట్లమీద అడుగుల చప్పుడు. ముందు అన్న, వెనక తండ్రి. ఆయన నుదుటిమీద రక్తం, మెడలో ఆ అబ్బాయి ఉద్యమ కండువా.

"గల్లీలకెళ్లి తోల్కొచ్చిన మేడం. సార్‌కు జర నీళ్లియ్యండ్రి."

ఆయన కండువా తీసి ఇవ్వబోతే, "ఉండనీ సార్. పోయేటప్పుడు గూడ గిట్లనే కప్పుకోని పోండ్రి, ఎవ్వలాపరు," అని మళ్లీ రోడ్డుమీదికి దిగిపోయాడు. తండ్రి చేయి పట్టుకుని అమ్మాయి భోరుమంటే, నల్లగొండ పిల్ల ఆమె వీపు నిమురుతూ నిలబడింది.

కోరుకున్న రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు ఆ రోడ్డుమీద "నీది ఏ ఊరు?" అని నిలదీసేవారు లేరు, అది నాకు సంతోషమే. సెంటరున్న చోట చీరల దుకాణం వెలిసింది. ఆ ఇద్దరూ ఎక్కడున్నారో తెలియదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పాను గానీ, ఒక పిల్ల నాన్న కోసం అందరూ ఊపిరి బిగబట్టి ఎదురుచూసిన గది మళ్లీ నాకు ఎక్కడా కనబడలేదు.